సరుకు వెళ్లింది, డబ్బు రాలేదు: బాకీ ఫైలు వకీలు బల్ల మీద ఎలా నడుస్తుంది

(ఒడిశాలోని బరంపురంలో తెలుగు వర్తకుల సమావేశంలో ఒక వాణిజ్య న్యాయవాది చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

పెద్దలకు, వర్తక మిత్రులకు నమస్కారం.

వాణిజ్య న్యాయ సంస్థ ఏం చేస్తుందో చెప్పమన్నారు. లా ఫర్మ్ అనగానే బొంబాయిలో అద్దాల మేడ, గంటల లెక్కన ఫీజు గుర్తొస్తాయి. ఈ సంస్థలు మన దేశానికి కొత్తవేం కావు. బొంబాయిలో క్రాఫర్డ్ బేలీ 1830 నుంచి ఉంది, లిటిల్ అండ్ కో 1856 నుంచి ఉంది. కలకత్తాలో ఫాక్స్ అండ్ మండల్ 1896లో పుట్టింది. రెండూ రేవు పట్టణాలే చూడండి. అమ్మేవాడు ఒక ఊళ్లో, కొనేవాడు ఇంకో ఊళ్లో, సరుకు దారిలో ఉన్నచోట ఈ వృత్తికి గిరాకీ. ఆ లెక్కన బరంపురానికీ కావలసిందే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా మనం, ఇచ్ఛాపురం, సోంపేట అందరం మద్రాసు ప్రెసిడెన్సీ కిందే ఉన్నాం. ఇప్పుడు ఇచ్ఛాపురానికి లారీ గంటలో వెళ్లిపోతుంది. బాకీ మాత్రం ఒక హైకోర్టు పరిధి దాటి ఇంకో హైకోర్టు పరిధిలో పడుతుంది. ఇటు కటక్, అటు అమరావతి.

పాత సంస్థకీ, ఒంటరిగా ప్రాక్టీసు చేసే వకీలుకీ తెలివిలో తేడా ఉండదు. తేడా అంతా పద్ధతిలో. కొత్త ఫైలు వస్తే ముందు చూసేది కేసు బలం కాదు. ఎదుటివాడు ఎప్పుడైనా మన కక్షిదారుగా ఉన్నాడా అని పాత రిజిస్టరు తిరగేస్తారు. మన ప్రాంతంలో ఇది చాలా ముఖ్యం. అమ్మినవారు, కొన్నవారు, మధ్యలో దలారీ, ముగ్గురూ ఒకే ఆఫీసు గుమ్మం ఎక్కినవాళ్లే కావచ్చు. ఒకరి రహస్యం తెలిసిన వకీలు రెండోవారి తరఫున వాళ్ల మీదికి వెళ్లకూడదు. కాబట్టి “మాకు కుదరదు, ఇంకొకరిని చూసుకోండి” అన్నారంటే కోపం తెచ్చుకోకండి. అది మంచి ఆఫీసని గుర్తు. రెండోది గడువుల డైరీ. ప్రతి ఫైలుకీ చట్టం ఇచ్చిన ఆఖరి తేదీ ఒకటి, దానికి వారం ముందు పని ముగించాల్సిన తేదీ ఒకటి రాస్తారు. ఇద్దరు వేరువేరుగా రాసుకుని సరిపోల్చుకుంటారు. ఇంకో మాట ఫీజు గురించి. “వసూలైన దాంట్లో నాకు ఇంత శాతం” అనడానికి మన దేశంలో వకీలుకు వీల్లేదు, బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. అలా అడిగినవారి దగ్గర ఫైలు పెట్టకండి.

ఇక అసలు విషయానికి వస్తాను. సరుకు బాకీ. ఉదాహరణకు, బరంపురంలో జీడిపప్పు తయారుచేసేవారు విశాఖపట్నంలో టోకు వ్యాపారికి 9 లక్షల సరుకు 30 రోజుల అరువు మీద పంపారు. డబ్బు రాలేదు. ఆఫీసుకొచ్చి అందరూ మొదట చెప్పేది “వాడు మోసగాడండీ” అని. ఆ మాటతో ఫైలు కదలదు. ముందు కావలసింది ఆ “వాడు” ఎవరు అన్నది.

బిల్లు మీద ఫలానా ట్రేడర్స్ అని ఉంటుంది. అది దుకాణం పేరు. దావా వేయాలంటే మనిషి కావాలి, లేదా భాగస్వామ్య సంస్థో కంపెనీయో కావాలి. దీనికో చిన్న కిటుకు ఉంది. కొనుగోలుదారు జీఎస్‌టీ నంబరు తీయండి. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి: ఒడిశా 21, ఆంధ్రప్రదేశ్ 37. తర్వాతి పది అక్షరాలు అతని పాన్ నంబరు. ఆ పాన్‌లో నాలుగో అక్షరం, అంటే మొత్తం మీద ఆరో అక్షరం చూడండి. పీ అయితే ఒక్క మనిషి, హెచ్ అయితే ఉమ్మడి కుటుంబం, ఎఫ్ అయితే భాగస్వామ్య సంస్థ లేదా పరిమిత బాధ్యత భాగస్వామ్యం అనే ఎల్‌ఎల్‌పీ, సీ అయితే కంపెనీ. అదే నంబరు జీఎస్‌టీ వెబ్‌సైటులో కొడితే అసలు పేరు, దుకాణం పేరు రెండూ విడివిడిగా కనిపిస్తాయి. రెండు నిమిషాల పని. ఇది చేయక కంపెనీ మీద పెట్టాల్సిన కేసు డైరెక్టరు ఒక్కడి మీదే పెట్టి పోగొట్టుకున్న ఫైళ్లు ఏ ఆఫీసులోనైనా ఉంటాయి. కంపెనీ చెక్కు బౌన్సయితే కంపెనీని కూడా ముద్దాయిగా చేర్చి తీరాలని సుప్రీంకోర్టు 2012లో తేల్చేసింది.

అద్దం ఇటు కూడా తిప్పుకోవాలి. మనలో చాలామందివి అన్నదమ్ముల భాగస్వామ్య వ్యాపారాలు. దస్తావేజు రాసుకుంటారు, బ్యాంకు ఖాతా తెరుస్తారు, జీఎస్‌టీ తీసుకుంటారు, రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర రిజిస్టరు మాత్రం చేయించరు. 1932 భాగస్వామ్య చట్టం 69వ సెక్షను ప్రకారం రిజిస్టరు కాని సంస్థ ఒప్పందం మీద బయటివారి మీద దావా వేయలేదు. వాళ్లు మన మీద వేయొచ్చు, మనం వేయలేం. దావా వేశాక రిజిస్టరు చేయించుకుంటే ఆ దావాకు పనికిరాదు. ఆ దావా వదులుకుని కొత్తగా వేయాలి, ఈలోగా గడువు దాటితే బాకీ గోవిందా. కొత్త భాగస్వామి చేరినా, ఒకరు తప్పుకున్నా ఆ మార్పు కూడా రిజిస్టరులో ఎక్కించాలి.

ఇప్పుడు బిల్లు అడుగున ఉండే చిన్న అక్షరాలు. “బరంపురం కోర్టు పరిధికి లోబడి” అని అందరూ అచ్చు వేయిస్తారు. దానికి ఎంత బలం ఉంది? సివిల్ ప్రొసీజర్ కోడ్ 20వ సెక్షను ప్రకారం ప్రతివాది ఉండే చోట గానీ, వ్యాపారం చేసే చోట గానీ, వ్యవహారంలో కొంతైనా జరిగిన చోట గానీ దావా వేయొచ్చు. ఇలా రెండు మూడు ఊళ్లకు అధికారం ఉన్నప్పుడు వాటిలో ఒకదాన్ని ఇద్దరూ కలిసి ఎంచుకోవచ్చు. ఏ సంబంధమూ లేని ఊరిని తెచ్చి పెట్టుకోలేరు. 1989లో ఏబీసీ లామినార్ట్ కేసని ఒకటి సుప్రీంకోర్టుకు వచ్చింది. గుజరాత్‌లోని ఖైరా పరిధికి లోబడి అని ఒప్పందంలో ఉంది, కొన్నవారు తమిళనాడులో సేలం కోర్టుకు వెళ్లారు. “మాత్రమే” లాంటి మాట లేదు కాబట్టి సేలం కోర్టుకు అధికారం పోలేదన్నారు. 2013లో స్వస్తిక్ గ్యాసెస్ కేసులో, ఆ మాట లేకపోయినా ఊరి పేరు రాసుకున్నారంటే మిగతావి వద్దనుకున్నట్టేనన్నారు. ఈ రెండు తీర్పుల మధ్య నలగడం మీకెందుకు? “బరంపురం కోర్టులకు మాత్రమే” అని రాయించండి, ఒక్క మాటకు ఖర్చేముంది.

అయితే మీ ఆఫీసులో మీరు అచ్చు వేసుకున్న బిల్లుకు అతను ఒప్పుకున్నాడని రుజువేది? ఇక్కడే చాలామంది పట్టుబడతారు. ఖాతా తెరిచే రోజునే ఒక పేజీ కాగితం మీద అరువు రోజులు, గడువు దాటితే వడ్డీ, కోర్టు పరిధి, సరుకు మీద ఫిర్యాదు ఎన్ని రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి అన్న నాలుగు సంగతులూ రాసి సంతకం, ముద్ర వేయించుకోవాలి. వడ్డీ రేటు రాసుకోకపోతే కోర్టు ఎంత ఇస్తే అంత.

సరుకు ముట్టిందనడానికి లారీ రశీదు, సరుకు రవాణాకు తీసే ఈ-వే బిల్లు, దించుకున్నవారి సంతకం ఉండాలి. సంతకం కింద పేరు రాయించండి. గీత గీసి పోతే అది ఎవరిదో నాలుగేళ్ల తర్వాత ఎవరు చెబుతారు? ఆ బిల్లు మీద కొనుగోలుదారు, బిల్లులోని పన్నును తాను కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుని ఉంటే, సరుకు రాలేదని వాదించడం అతనికి చాలా కష్టం. పైగా బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో అమ్మినవారికి డబ్బు ఇవ్వకపోతే ఆ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలని జీఎస్‌టీ చట్టం చెబుతుంది. నోటీసులో ఈ సంగతి ఒక వాక్యంగా పెడితే చాలాసార్లు అవతలి అకౌంటెంటే ఫోన్ చేస్తాడు.

చెక్కు దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళతాను, ఎందుకంటే చెక్కు బౌన్సును నేరంగా చూసే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను కేసుల్లో ఓడిపోయేవాటిలో చాలా భాగం తేదీల దగ్గరే ఓడిపోతాయి.

చెక్కు మీద తేదీ నుంచి 3 నెలల్లో బ్యాంకులో వేయాలి. తిరిగొచ్చిందని బ్యాంకు మీకు తెలిపిన రోజు నుంచి 30 రోజుల్లో రాతపూర్వక నోటీసు పంపాలి. నోటీసు అందిన రోజు నుంచి అతనికి 15 రోజుల సమయం. ఆ 15 రోజుల్లో కట్టకపోతే అప్పుడు నేరం పూర్తవుతుంది. అక్కడి నుంచి ఒక నెలలో మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు వేయాలి. లెక్క వేసి చూపిస్తాను. జూన్ 2న చెక్కు తిరిగొచ్చిన మెమో మీ చేతికొచ్చింది. నోటీసుకు ఆఖరి రోజు జూలై 2. మీరు జూన్ 16న పంపారు, అతనికి జూన్ 20న అందింది. 15 రోజులు జూలై 5తో అయిపోతాయి. జూలై 6న ఫిర్యాదు హక్కు పుడుతుంది. ఆ రోజును వదిలేసి లెక్కిస్తే ఆగస్టు 6 లోపు ఫిర్యాదు పడాలి. జూలై 4నే తొందరపడి వేశారా, అది ముందస్తు ఫిర్యాదని కొట్టేస్తారు. ఆలస్యంగా ఫిర్యాదు వేస్తే తగిన కారణం చూపించి క్షమించమని అడగొచ్చు. నోటీసు 30 రోజులు దాటితే అడగడానికేమీ లేదు. చెక్కు ఇంకా 3 నెలల లోపే ఉంటే మళ్లీ బ్యాంకులో వేసి, మళ్లీ తిరిగొస్తే కొత్తగా 30 రోజులు లెక్కపెట్టుకోవచ్చు, అంతే.

మెమో అందిన తేదీకి రుజువు దాచండి. చాలామంది బ్యాంకుకు వారానికోసారి వెళ్లి అన్నీ కలిపి తెచ్చుకుంటారు. ఈలోగా బౌన్సయిన మెసేజి ఫోన్‌కు వచ్చే ఉంటుంది. అవతలి వకీలు ఆ తేదీ నుంచే లెక్కపెడతాడు. కాబట్టి మీరూ మెసేజి తేదీ నుంచే లెక్కపెట్టుకోండి, నష్టం లేదు.

నోటీసులో ఎంత అడగాలి? చెక్కు మీద ఉన్న మొత్తం, పైసా తేడా లేకుండా. వడ్డీ, నోటీసు ఖర్చు, పాత బాకీ కావాలంటే విడిగా వేరే పేరాలో వేరే అంకెగా రాయాలి. అన్నీ కలిపి ఒకే మొత్తంగా “పదకొండు లక్షలు కట్టు” అంటే నోటీసు చెల్లదు. మన వర్తకంలో పదేపదే జరిగే తప్పు ఇంకోటుంది. 9 లక్షలకు చెక్కు తీసుకుంటారు. తర్వాత అతను 2 లక్షలు ఖాతాలో వేస్తాడు. మనవాళ్లు ఆ 9 లక్షల చెక్కే బ్యాంకులో వేస్తారు. ఇది నిలవదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. వేసే రోజుకు ఉన్న అప్పు 7 లక్షలే కదా. మధ్యలో డబ్బు ముడితే ఆ సంగతి చెక్కు మీద రాసి మిగతా మొత్తానికే వేయాలి. లేదా పాత చెక్కు తిరిగిచ్చేసి 7 లక్షలకు కొత్తది పుచ్చుకోవాలి. రెండోదే మేలు.

“సెక్యూరిటీగా ఖాళీ చెక్కు ఇచ్చాం, దానికి కేసు లేదు” అని అవతలివారు అంటారు. సంతకం తనదే, ఇష్టపడే ఇచ్చాడు అంటే, మిగతాది మీరు నింపినా అప్పు కోసమే ఇచ్చాడని చట్టం మొదట అనుకుంటుంది. కాదని చూపించాల్సింది అతనే. అందుకని నింపే అంకె మీ ఖాతా పుస్తకంతో అక్షరాలా సరిపోవాలి.

ఇక సరిహద్దు వ్యాపారులకు బాగా కలిసొచ్చిన మార్పు. 2014లో సుప్రీంకోర్టు దశరథ్ రాథోడ్ తీర్పు వచ్చాక చెక్కు ఇచ్చినవాడి బ్యాంకు ఎక్కడుంటే కేసు అక్కడే వేయాల్సి వచ్చింది. అంటే మన ఉదాహరణలో విశాఖపట్నం. 2015లో చట్టం సవరించారు. మీ ఖాతాలో చెక్కు వేస్తే, మీ ఖాతా ఉన్న బ్రాంచి పరిధిలోని కోర్టుకే అధికారం. బరంపురంలో ఖాతా ఉంటే బరంపురంలో సబ్ డివిజనల్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటు, అంటే ఎస్‌డీజేఎం కోర్టు. అయితే మీ కరెంటు ఖాతా ఏ కాలంలోనో భువనేశ్వర్ బ్రాంచిలో తెరిచి ఉంటే కేసూ అక్కడికే పోతుంది. ఏ బ్రాంచిలో ఖాతా ఉందో ఇంటికెళ్లి చూసుకోండి.

శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. 2018 సవరణతో, ముద్దాయి నేరం ఒప్పుకోనన్నాక కోర్టు 20 శాతం దాకా మధ్యంతర పరిహారం ఇప్పించవచ్చు. అడిగితే వచ్చి తీరుతుందని కాదు, ఇవ్వడం ఇవ్వకపోవడం కోర్టు విచక్షణ. అడగకుండా మాత్రం ఉండకండి.

చెక్కు లేనివాళ్ల సంగతి. మీది తయారీ లేదా సేవల సంస్థ అయి, సూక్ష్మ లేదా చిన్న తరహాలో ఉద్యమ్ నమోదు (చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చేది) ఉంటే, 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల, అంటే ఎంఎస్‌ఎంఈ చట్టం చాలా పదునైన కత్తి. రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి అరువు చెల్లదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించిన బ్యాంక్ రేటుకు 3 రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. బ్యాంక్ రేటు 6 శాతం అనుకుంటే వడ్డీ 18 శాతం. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. తేమ ఎక్కువుంది, ముక్క ఎక్కువుంది అని ఆరు నెలల తర్వాత అంటే వినరు. ఈ బాకీ వివాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్ అమ్మినవారి రాష్ట్రంలోదే, విశాఖ వ్యాపారి ఒడిశా కౌన్సిల్‌కు రావాల్సిందే. అక్కడ తీర్పు మీకు అనుకూలంగా వచ్చాక అతను దాన్ని కొట్టేయించుకోవాలంటే ముందు 75 శాతం డిపాజిట్ చేయాలి.

ఇక్కడో మెలిక ఉంది, ఈ హాల్లో సగం మందికి వర్తిస్తుంది. కొని అమ్మే వర్తకులకు 2021 జూలైలో ఉద్యమ్ నమోదు ఇచ్చారు గానీ, అది బ్యాంకు రుణాల్లో ప్రాధాన్యం కోసమే. ఆలస్యపు చెల్లింపుల కౌన్సిల్ వాళ్లకు లేదు. సర్టిఫికెట్టు గోడకు కట్టుకున్నంత మాత్రాన 3 రెట్ల వడ్డీ రాదు. తయారీదారులైనా సరుకు పంపకముందే నమోదై ఉండాలి. బాకీ మొండికెత్తాక నమోదు చేయించుకుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

మిగిలిన దారి దావా. 3 లక్షలు, ఆపైన విలువున్న వాణిజ్య వివాదమైతే వాణిజ్య కోర్టుల చట్టం కిందికి వస్తుంది. అత్యవసర ఉత్తర్వు ఏదీ అవసరం లేకపోతే ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థ దగ్గర మధ్యవర్తిత్వానికి దరఖాస్తు చేయాలి, ఫీజు వెయ్యి రూపాయలు. 2022 ఆగస్టు 20 నుంచి ఈ మెట్టు ఎక్కకుండా నేరుగా దావా వేస్తే తిప్పి కొట్టేస్తారు. అవతలివాడు రాకపోతే రాలేదని నివేదిక ఇస్తారు, దాన్ని జతచేసి దావా వేయొచ్చు. ఈ మధ్యవర్తిత్వానికి పట్టిన కాలం గడువులో లెక్కించరు. దావాతోపాటే మీ దగ్గరున్న కాగితాలన్నీ పెట్టేయాలి. తర్వాత తెస్తానంటే కోర్టు అనుమతి, దానికి కారణం కావాలి. అవతలివాడికీ జవాబు వేయడానికి గరిష్ఠంగా 120 రోజులే.

వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకునేవారు ఒకటి గుర్తుంచుకోండి. 2024 జూలై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టం వచ్చింది. ఎలక్ట్రానిక్ రుజువుకు 63వ సెక్షను సర్టిఫికెట్టు రెండు భాగాలుగా ఇవ్వాలి. ఒకటి మీరు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి. దానిలో హ్యాష్ విలువ రాయాలి, అది ఆ ఫైలుకు వేలిముద్ర లాంటిది. ఫోన్ మార్చేటప్పుడు పాత ఫోన్ అమ్మేయకండి, బాకీ తీరేదాకా బీరువాలో పెట్టండి.

దావా వేయడానికి గడువు 3 ఏళ్లు. అరువు రోజులు రాసుకుని ఉంటే అవి ముగిసిన రోజు నుంచి, రాసుకోకపోతే సరుకు ఇచ్చిన రోజు నుంచి. 3 ఏళ్లు దాటక ముందే అతను బాకీ ఉన్నట్టు రాసి సంతకం పెడితే ఆ తేదీ నుంచి మళ్లీ 3 ఏళ్లు. అందుకే ఏటా మార్చి 31 నాటి నిల్వ ఎంతో రాసి పంపి, “సరిపోయింది” అని సంతకం చేయించి తెప్పించుకోవాలి. పెద్ద సంస్థల్లో ఏప్రిల్ నెలంతా గుమాస్తాలకు ఇదే పని. గడువు దాటాక వచ్చిన సంతకం ఈ పనికి రాదు. అప్పుడు “కడతాను” అని స్పష్టంగా కొత్త వాగ్దానం రాయించుకోవాలి.

మన పాత ఇళ్లలో చిట్టా, ఆవర్జాలు, అంటే లెక్కల పుస్తకాలు, తెలుగులోనే ఉంటాయి. ఒడిశా కోర్టులో పెట్టాలంటే అనువాదం జతచేయాలి. ఎవరు అనువదించారో ప్రమాణపత్రం ఉంటే మంచిది. క్రమంగా రాసుకొచ్చిన ఖాతా పుస్తకం సాక్ష్యమే గానీ, అదొక్కటే ఒకరి మీద బాకీ మోపడానికి చాలదని చట్టం స్పష్టంగా చెబుతుంది. బిల్లు, రశీదు, సాక్షి తోడు రావాలి. విడి కాగితాల మీద రాసుకున్న లెక్కలు అసలు పుస్తకం కిందికే రావు.

డిక్రీ, అంటే డబ్బు కట్టమని కోర్టు ఇచ్చే ఉత్తర్వు, వచ్చాక అమలు. బరంపురం డిక్రీని విశాఖపట్నం కోర్టుకు బదిలీ చేయించి అక్కడ అతని ఆస్తి జప్తు చేయించాలి, అందుకు 12 ఏళ్ల సమయం ఉంది. ఆస్తి ఏదో, ఏ బ్యాంకులో ఖాతా ఉందో చెప్పాల్సింది మీరు, కోర్టు వెతికిపెట్టదు. ఖాతా తెరిచే రోజున ఆ ఒక పేజీ కాగితంతో పాటు అతని రద్దు చేసిన చెక్కు నకలొకటి, దుకాణం అద్దెదో సొంతమో తెలిపే కాగితం ఒకటి తీసుకుని ఉంటే, జప్తు దరఖాస్తులో ఆ గడులు అప్పుడే నిండిపోతాయి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.